చేతులెత్తించడానికి కాదు, ఏరించడానికి పిలువు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కొత్త వరి రకాల రూపకల్పనలో కోవూరు, బుచ్చి వైపు రైతులను కలుపుకోబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మడుల కొలతలు, ఎరువు మోతాదు నీకు తెలుసు. పోల్చుకోవడానికి రైతు ఇప్పుడు వేస్తున్న రకాన్ని కూడా పక్క మడిలో నాటించు.

చాలా ఏళ్ల కిందట ఒక సంస్థవాళ్లు మా ఊళ్లో ఇలాగే కల్చర్లు, అంటే ఇంకా విడుదల కాని కొత్త రకాలు, నాటించారు. కాలువ మొదట్లో ఉన్న పెద్ద రైతు పొలంలో. ఎరువూ మందూ వాళ్లవే. కోతకు ముందు రైతులను పిలిచి నచ్చిన మడి దగ్గర చేతులెత్తమన్నారు. నిండు వెన్నులు చూసి అందరూ ఒకదానికే ఎత్తారు. కోతకు దిగిన ఆడవాళ్లు మాత్రం కొడవలి పెట్టగానే ‘కాడ మెత్తన, వానకు నిలవదు’ అన్నారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. వాళ్ల కాగితంలో దిగుబడికే గడి ఉంది. మరుసటి ఏడు ఊళ్లో సగం మంది అదే వేశారు. కోత దశలో అకాల వాన పడి చేలు చాపలా పరుచుకున్నాయి. వెన్ను మీదే గింజ మొలకెత్తింది. సొంత పొలం ఉన్నవాళ్లు తట్టుకున్నారు. కౌలుదారులు బయట వడ్లు కొని కౌలు పుట్లు కొలిచారు. వాళ్లలో ఒకాయన ఆ తర్వాత సేద్యం ముట్టలేదు. ఆ సంస్థవాళ్లు మళ్లీ ఊరి ముఖం చూడలేదు.

నువ్వు అలా చేశావో, నీతో మాట్లాడను. సంకరం చేయకముందే ఏ గుణాలు కావాలో రైతులను అడుగు తల్లీ. సంకరం చేశాక నాలుగైదు తరాల దాకా మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది కదా, అప్పుడే వాళ్ల చేత ఏరించు. ఏది వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో తప్పక రాసుకో. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి అగ్గి తెగులు సోకుతుందని తెలిసీ, అన్నం కోసం, ధర కోసం రైతులు దాన్ని వదల్లేదు. నెల్లూరు మసూరిలో సన్నగింజా ఉంది, ఆ తెగులును తట్టుకునే గుణమూ ఉంది. మీ నాయనమ్మ అయితే పండక్కి మొలగొలుకుల బియ్యమే వండేది. ఎన్ని రోజుల పంటైనా ఇంటికోసం ఒక మడి ఉంచమని మా నాన్నతో పోట్లాడేది. అన్నం వండి చూసేవాళ్ల మాటకూ నీ పుస్తకంలో చోటుండాలి.

కాలువ చివరి పొలాల్లోనూ నాటించు. అక్కడ నీళ్లు ఆలస్యం, కలుపు ఎక్కువ. కౌలు రైతు మడి ఇస్తే, పంట పోతే ఎంత ఇస్తారో ముందే కాగితం మీద పెట్టించు. ఈ విషయంలో మొహమాటపడకు. ఏరిన విత్తనం వాళ్ల ఇళ్లలోనూ ఉండనీ. బ్రాండు పేరు లేకుండా విత్తనం దాచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కును 2001 చట్టం రైతుకు ఇచ్చింది. ఆ సంగతి మొదటి రోజే చెప్పు.

నారు పోయకముందే ఒకసారి రా. కౌలుదారులను, నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడవాళ్లను నేను పిలుస్తాను. ఆ పూట వాళ్లు పని మానుకుని రావాలి, కాబట్టి కూలి డబ్బు మీ సంస్థ చేత ఇప్పించు. సంస్థ ఇవ్వకపోతే నాకు చెప్పు, నేనిస్తాను.

మీ పెదనాన్న