మనుషుల సూది బర్రెకు వేయొచ్చా?

ప్రశ్న: మా పాడి బర్రె ముందుకాలు వాచి నాలుగు రోజులుగా కుంటుతోంది. మందుల షాపులో అడిగితే మనుషులకు వేసే డైక్లోఫెనాక్ ఆంపుల్స్ ఐదారు చేతిలో పెట్టి, అన్నీ ఒకే సిరంజిలోకి లాగి పొడిచేయమన్నాడు. పశువుల డాక్టర్ గారేమో ‘అది బ్యాన్, ముట్టుకోకు’ అంటున్నారు. మనిషికి పనికొచ్చేది బర్రెకెందుకు పనికిరాదు?
– ఒక పాడి రైతు, ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: డాక్టర్ గారి మాటే వినండి. నిజం చెప్పాలంటే ఆ సూదికి మీ బర్రె నొప్పి తగ్గుతుంది, అందుకే ఒకప్పుడు ఊరూరా విపరీతంగా వాడారు. చిక్కంతా సూది వేసిన కొద్ది రోజులకే పశువు చనిపోతే వస్తుంది. కళేబరాన్ని ఊరి బయట పడేస్తాం, మాంసంలో మిగిలిన మందు తిన్న రాబందుకు కిడ్నీలు పోతాయి, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా యూరిక్ ఆసిడ్ పేరుకుని రెండు మూడు రోజుల్లో అది కూడా చస్తుంది. పైగా రాబందులు ఒక్కొక్కటిగా రావు కదా, గుంపంతా ఒకే కళేబరం మీద వాలతాయి, కాబట్టి నూటికి ఒక్క కళేబరంలో ఈ మందున్నా చాలు, రాబందుల సంఖ్య కుప్పకూలడానికి. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మిగిలాయి. కారణం ఈ మందేనని 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో తేలింది, 2006లో మన ప్రభుత్వం పశువులకు దీన్ని ఆపేసింది.

మరి షాపులో ఎలా దొరికిందంటారా? మనుషులకు నిషేధం లేదు. అప్పట్లో మనుషుల పేరుతో 30 మిల్లీలీటర్ల సీసాలొచ్చేవి (మనిషికి అంత ఎందుకో ఎవరూ అడగలేదు!), అవి నేరుగా కొట్టాల్లోకి వెళ్ళేవి. 2015లో ఒక్క డోసు, అంటే 3 మిల్లీలీటర్ల ప్యాకింగే ఉండాలన్నారు. బర్రెకు ఒక్కటి చాలదు కాబట్టి ఐదారు కలపమన్నాడు, ఆ ఆంపుల్స్ కథ అదీ. ఇలాంటి నొప్పి మందులే అయిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో, 2024 చివర్లో నిమెసులైడ్ కూడా పశువులకు బంద్ అయ్యాయి. మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆసిడ్ అనే నొప్పి మందులు రాబందులకు హాని చేయవు, మీ డాక్టర్ గారు బహుశా వాటిలోనే ఒకటి రాస్తారు. మీ జిల్లాలోనే బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి ఆయనకు తెలియకుండా ఉండదు.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ పాలు పోస్తారు కాబట్టి చెబుతున్నా. పశువుల మందు సీసా మీద ఒక పశువు తల బొమ్మ, ‘జంతువుల చికిత్సకు మాత్రమే’ అన్న మాట ఉంటాయి. దాంతోపాటు మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో కూడా ఉండాలి. ఇన్ని రోజులని తేల్చని మందైతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని రాయాలన్నది రూలు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఇంట్లో పిల్లల చేత ఫోన్లో ఫొటో తీయించి పెద్దది చేసి చదివించుకోండి. అన్ని రోజులూ ఆ బర్రె పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లోనూ తాగకండి.