సూ దగ్గర తొందరపడకు

చి. సౌ. లలితకు,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే శనివారం బాబుని షికాగో ఫీల్డ్ మ్యూజియంకి తీసుకెళ్లి, టీ-రెక్స్ అనే మాంసం తినే డైనోసార్ అస్థిపంజరాన్ని చూపిస్తానని రాశావు. చాలా సంతోషం వేసింది. ఎన్నో ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని, మీ అన్నయ్య ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ మ్యూజియంకి వెళ్లినదాన్ని. అందుకే నాలుగు మాటలు చెబుతున్నాను.

లోపలికి వెళ్లగానే పెద్ద హాల్లో ఒక భారీ అస్థిపంజరం ఉంటుంది. అది ఆకులు తినే వేరే డైనోసార్ జాతిది, పైగా అచ్చు తీసి చేసిన నకలు. కాసేపు చూడనివ్వు గానీ, వాడి ఓపికంతా అక్కడే అయిపోనివ్వకు. మీరు చూడాల్సిన టీ-రెక్స్ పై అంతస్తులో ఉంది, దాని పేరు సూ. సూ ఎముకల్లో చాలావరకు అసలువే. తల మాత్రం నకలు. అసలు పుర్రె దాదాపు 270 కిలోలు ఉంటుంది, అంత బరువు అస్థిపంజరం మీద నిలపడం కష్టమని దాన్ని విడిగా అద్దాల పెట్టెలో పెట్టారు. ఈ సంగతి వాడికి ముందే చెప్పు. పిల్లలకి ఏది అసలో ఏది నకలో చెబితే వాళ్లు ఇంకా శ్రద్ధగా చూస్తారు.

పేరు కథ దారిలో చెప్పు. 1990లో దక్షిణ డకోటాలో తవ్వకాల బృందం బండికి టైరు పంక్చరైంది. మిగతావాళ్లు దాన్ని బాగుచేయించడానికి ఊళ్లోకి వెళ్తే, సూ హెండ్రిక్సన్ అనే ఆవిడ అప్పటిదాకా వెతకని గుట్టల వైపు నడిచి, చరియలోంచి బయటికి వచ్చిన వెన్నుపూసల్ని చూసింది. ఆవిడ పేరే దీనికి పెట్టారు. ఇది ఆడదా మగదా అన్నది ఇప్పటికీ తేలలేదు. వాడు అడిగితే తేలలేదనే చెప్పు, ఏదో ఒకటి చెప్పేయకు.

అందరూ ముందు నోటి దగ్గరికే వెళ్తారు. 58 పళ్లు, ఒక్కోటి వేరుతో కలిపితే పెద్ద అరటిపండంత. కెనడాలో దొరికిన ఒక శిలాజ పేడ టీ-రెక్స్‌దే అయి ఉంటుందని శాస్త్రవేత్తలు అంటారు. దాన్నిండా నలిగిన ఎముక ముక్కలున్నాయి. ఈ జంతువు మాంసం చీల్చి ఊరుకునేది కాదు, ఎముకల్ని కూడా నలగ్గొట్టి మింగేదన్నమాట. పేడ మాట చెప్పావంటే చాలు, వాడు ఇక నిన్ను వదలడు.

అయితే అక్కడితో ఆగకు, లలితా. నా మాట విని పక్కటెముకల దగ్గర ఎక్కువసేపు నిలబడు. కొన్ని చోట్ల ఎముక లావెక్కి, గతుకుగా ఉంటుంది. అవి విరిగి మళ్లీ అతుక్కున్న పక్కటెముకలు. ఎడమ కాలి కింది భాగంలో ఒక ఎముక ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిపోయింది. కింది దవడలో కన్నాలున్నాయి. వేరే జంతువు కొరికిందని ముందు అనుకున్నారు, పక్షులకి వచ్చే ఒక గొంతు జబ్బులాంటిదని తర్వాత కొందరన్నారు. చచ్చిన ఎముక అతుక్కోదు కదా. అంటే అన్ని దెబ్బలు తగిలాక కూడా సూ బతికింది, తిండి సంపాదించుకుంది. ఎముకల్లోని పెరుగుదల వలయాలు లెక్కపెట్టి, 30 ఏళ్లకి కాస్త అటూ ఇటూ బతికిందని తేల్చారు. టీ-రెక్స్ జాతికి అది ముసలితనమే. వాడికి సూని భూతంలా చూపించి భయపెట్టకు. నొప్పులు పడుతూ పెద్దదైన ఒక జంతువుగా చూపించు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

చేతులు చూసి పిల్లలు నవ్వుతారు. పొడుగు ఒక మీటరే అయినా అవి బలమైనవని ఎముకలే చెబుతాయి. కండరాలు అతుక్కున్న గుర్తులు ఎంత పెద్దగా ఉన్నాయో చూపించు. తోక నేలకి తగలకుండా గాల్లో ఉండటం కూడా గమనించమను. 40 అడుగుల శరీరంలో ముందున్న తల బరువుకి వెనక ఆ తోకే సమతూకం. పాత బొమ్మల్లో తోక ఈడ్చుకుంటూ నిటారుగా నిలబెట్టేవాళ్లు, అది తప్పని తేలి చాలాకాలమైంది.

పాదాల దగ్గర కూర్చుని నేలకి ఆనే మూడు పెద్ద వేళ్లూ లెక్కపెట్టించు. పక్షులు ఈ వంశంవే. ఇంటికొచ్చాక చికెన్ వండేరోజు కోడి మెడ కింద ఉండే రెండు పాయల ఎముక తీసి వాడికివ్వు. సూకి కూడా అదుంది.

బొమ్మల షాపుకి మాత్రం చివర్లో వెళ్లండి. ముందే వెళ్తే వాడి ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. ఒక నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్లి, వాడికి నచ్చిన ఒక్క ఎముక గీయమను. సరిగ్గా రాకపోయినా దిద్దకు.

సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు వాణ్ణి బిర్లా మ్యూజియంకి నేను తీసుకెళ్తాను. అక్కడున్న కోటసారస్ అనే డైనోసార్ మన గోదావరి లోయలో దొరికింది, ఆకులు తినేది, సూ కన్నా 10 కోట్ల ఏళ్లకు పైగా పాతది. వాడు గీసిన బొమ్మ కూడా పట్టుకురా, రెండింటి ఎముకలూ పోల్చి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ