చెట్టు కప్ప తిండి మానేస్తే: దాని నోరు తెరిచేముందు థర్మామీటర్ చూడండి

న్యూజెర్సీలో తొమ్మిదేళ్ల మీ బాబు పెంచుకుంటున్న వైట్స్ ట్రీ ఫ్రాగ్ పన్నెండు రోజులుగా ఏమీ ముట్టడం లేదని రాశారు. పగలంతా నీళ్ల గిన్నెలోనే కూర్చుంటోందని, ఆకుపచ్చ రంగు పోయి మట్టిరంగుకి తిరిగిందని కూడా చెప్పారు. వీడియోలో చూపించినట్టు నోరు తెరిచి తినిపించమంటారా అన్నది మీ ప్రశ్న.

వద్దండీ. ఇవాళ మాత్రం వద్దు. నేను ఆ పని చేసి దాదాపు కప్పని పోగొట్టుకున్నాను.

మాది డాలస్ పక్కన ప్లేనో. మా పాప స్నేహితురాలు వాళ్లు ఊరు మారుతూ కప్పని, ట్యాంక్‌ని, సగం డబ్బా కాల్షియం పొడిని మాకిచ్చి వెళ్లారు. గుండ్రంగా, మెత్తగా ఉందని పాప దానికి బూరె అని పేరు పెట్టింది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్‌లో కరెంటు పోయింది కదా, అప్పటి సంగతి ఇది. మర్నాడు డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర సున్నాకి ఇంకో రెండు డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పడిపోయింది. మా ఇంట్లో హాల్లో 46 చూపించింది. బూరె ట్యాంక్ ఏమో సరిగ్గా కిటికీ పక్కన!

మూత చిల్లులు పెట్టిన ఐస్‌క్రీమ్ డబ్బాలో తడి పేపర్ టవల్ వేసి, దాన్ని కూర్చోబెట్టి, నా స్వెటర్ లోపల పెట్టుకుని తిరిగాను. ఫోన్లు ఛార్జ్ చేసుకోవడానికి కారుని గరాజ్‌లోంచి బయటికి తీసి అందులో కూర్చున్నప్పుడు అదీ మాతోపాటే. కోవిడ్ వల్ల గుంటూరు వెళ్లలేక మా దగ్గరే ఉండిపోయిన అమ్మ వెనక సీట్లోంచి "మనకే దిక్కు లేదు, కప్పకి ఒళ్లో చోటు" అంటూనే తన శాలువా ఒకటి ఇచ్చింది.

కరెంటు వచ్చింది, కప్ప బతికింది. తప్పు ఆ తర్వాత జరిగింది. పాపం చలికి నీరసించిందని అదే సాయంత్రం నాలుగు లావుపాటి కీచురాళ్లు వేశాను (పెట్ షాపులో క్రికెట్లు అని అమ్మేవి). రెండు తినేసింది కూడా. కప్ప ఒంట్లో మనలాగా సొంత పొయ్యి ఉండదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒంట్లో అంతే, అరుగుదల కూడా ఆ లెక్కనే. చల్లగా ఉన్న కడుపులో పడిన కీచురాయి అరగదు, అక్కడే కుళ్లుతుంది. మూడో రోజుకి బూరె కదలడం మానేసింది. పదో రోజుకి నాకు టెన్షన్ పెరిగిపోయి, ఒక పాత గిఫ్ట్ కార్డు అంచుతో నోరు తెరిచి, తల నలిపిన కీచురాయిని లోపల పెట్టాను. గంటలో కక్కేసింది. దాంతోపాటు అంతకుముందు తిన్నదాని ముక్కలు కూడా బయటపడ్డాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. కింది దవడ అంచున చిన్న రక్తపు గీత.

"లంఖణం పరమౌషధం అంటారే, దాన్నలా వదిలెయ్" అని అమ్మ మొదటి రోజునుంచీ చెప్తూనే ఉంది. సగం నిజం ఆ మాటలో ఉంది. మిగతా సగం వేడి, నీళ్లు, డాక్టరు.

అందుకని మీరు మొదట చూడాల్సింది ట్యాంక్‌లో వేడి ఎంత ఉందో. గోడకి అతికించే గుండ్రటి థర్మామీటర్లని నమ్మకండి, మాది ఏడు డిగ్రీలు ఎక్కువ చూపించేది. తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్‌ది కొని, కప్ప కూర్చునే చోట పెట్టండి. ఈ జాతికి పగలు ఫారన్‌హీట్ 75 నుంచి 85 మధ్య, రాత్రి 70 దగ్గర ఉంటే హాయి. న్యూజెర్సీ చలికాలంలో రాత్రి హీటర్ తగ్గించి పడుకుంటే ట్యాంక్ 62కి దిగినా మీకు తెలియదు. వేడి పెంచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా గంటల మీద పెంచండి. హీట్ ప్యాడ్ ట్యాంక్ కింద కాకుండా పక్క గోడకి బయటినుంచి, థర్మోస్టాట్‌తో పెట్టండి. వేడి రాయి లాంటివి అసలు వద్దు. పొట్ట చర్మం కాలిపోతుంది.

రెండోది నీళ్లు. కప్ప నోటితో తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉన్న చర్మంతోనే పీల్చుకుంటుంది. నీళ్లలో ఏముందో అది నేరుగా ఒంట్లోకి పోతుందన్నమాట. మన ఊళ్లో చేపలకి చేసినట్టు నేను కుళాయి నీళ్లు బకెట్లో పట్టి రాత్రంతా ఉంచి వాడేదాన్ని. క్లోరిన్ అయితే అలా చాలావరకు పోతుంది. కానీ మా వైపు ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో కలిపేది క్లోరమిన్. అది రాత్రంతా ఉంచినా పోదు. క్లోరమిన్‌ని కూడా తీసేస్తుందని సీసా మీద రాసి ఉన్న వాటర్ కండిషనర్ వేయాల్సిందే. మీ ఊరి నీళ్లలో ఏం కలుపుతారో నీళ్లు సరఫరా చేసేవాళ్ల వార్షిక నివేదికలో ఉంటుంది, చూడండి. అలాగని డిస్టిల్డ్ వాటర్ పోయకండి. అందులో లవణాలేమీ ఉండవు, రోజూ అదే వాడితే కప్ప ఒంట్లోవి బయటికి లాగేస్తుంది.

రంగు సంగతి. మట్టిరంగు అంటే జబ్బని కాదు. చలి, బెదురు, చీకటి, దేనికైనా ఈ కప్ప గోధుమరంగుకి తిరుగుతుంది. దీని రంగు శాస్త్రవేత్తలనే బోల్తా కొట్టించింది. 1790లో జాన్ వైట్ అనే సర్జన్ ఆస్ట్రేలియా నుంచి దీన్ని వర్ణించినప్పుడు పెట్టిన లాటిన్ పేరుకి నీలం అని అర్థం. సారాలో ఊరేసరికి పచ్చలోని పసుపు కరిగిపోయి నీలంగా మిగిలిందట! కాబట్టి పై రంగు కాదు, కింద చూడండి. కప్పని తడి గాజు మీద కూర్చోబెట్టి కిందినుంచి పొట్ట, తొడల లోపలి వైపు ఫోటో తీయండి. ఎర్రగా కందినట్టు, రక్తపు చుక్కల్లా ఉంటే అది రక్తంలోకి పాకిన బాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. రెడ్ లెగ్ అంటారు. అలా ఉంటే రేపటిదాకా ఆగకండి. వెల్లకిలా పడితే తిరగలేకపోవడం, వెనక కాళ్లు ముడుచుకోకుండా వేలాడేసి కూర్చోవడం, దవడ రబ్బరులా వంగడం, వేళ్లు వణకడం, పొట్ట ఉబ్బడం కూడా అంతే.

పగలంతా నీళ్లలోనే ఉంటోందన్నారు, నన్ను కాస్త ఆలోచింపజేసింది అదే. హీటర్ గాలికి ట్యాంక్ ఎండిపోయి, తడికోసం వెళ్లి కూర్చోవచ్చు. చర్మానికి జబ్బు చేసినా అలాగే కూర్చుంటుంది. కైట్రిడ్ అనే ఫంగస్ ఒకటి ఉంది, 1998లో బయటపడింది. ప్రపంచం మొత్తం మీద 500కి పైగా ఉభయచర జాతులు దానివల్ల తగ్గిపోయాయి. చర్మం మీద దూదిపుల్లతో తుడిచి పీసీఆర్ చేస్తే తెలుస్తుంది, మందు కూడా ఉంది. అది తేలేదాకా ట్యాంక్ నీళ్లు పెరట్లో పారబోయకండి. బ్లీచ్ కలిపి కాసేపు ఉంచి టాయిలెట్‌లో పోయండి.

ఇంకో మాట, నవ్వుకోండి. ఒకరోజు రాత్రి బూరె ఒళ్లు మెలికలు తిప్పుతూ, నోరు తెరుస్తూ మూస్తూ, ముందు కాళ్లతో తల రుద్దుకుంటుంటే ఫిట్స్ అనుకుని నేను ఏడుపు మొదలుపెట్టాను. అది పాత చర్మం విడిచి, దాన్నే తింటోంది. ఆరోగ్యమైన కప్ప చేసే పనే అది.

డాక్టరు విషయానికొస్తే, కుక్కలకీ పిల్లులకీ చూసే వెట్ చాలామంది కప్పని చూడరు. నేను మొదట ఫోన్ చేసిన చోట రిసెప్షన్ అమ్మాయి "ఫ్రాగా?" అని రెండుసార్లు అడిగి పెట్టేసింది. అసోసియేషన్ ఆఫ్ రెప్టిలియన్ అండ్ ఆంఫిబియన్ వెటెరినేరియన్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి డాక్టర్లని వెతకొచ్చు. వెళ్లేటప్పుడు గిన్నెలో నీళ్లు పోసి తీసుకెళ్లకండి, తడి పేపర్ టవల్ ఉన్న డబ్బా చాలు. అదే రోజు వేసిన రెట్ట దొరికితే తడి టిష్యూలో చుట్టి జిప్‌లాక్‌లో పట్టుకెళ్లండి. మా బూరె సంగతి తేలింది అందులోనే. కడుపులో నులిపురుగులు. మామూలుగా కొద్దిగా ఉన్నా ఇబ్బంది పెట్టేవి కావట, చలిదెబ్బకి కప్ప నీరసపడేసరికి పెరిగిపోయాయన్నారు. నులిపురుగులు పోయే మందు ఇచ్చారు. దవడ గాయం చూసి "ఇదెలా అయింది" అని అడిగితే తల దించుకుని చెప్పాను. దానికి యాంటీబయాటిక్ చుక్కలు వీపు మీద వేయమన్నారు. మందు చర్మంలోంచే లోపలికి పోతుంది. ఆ కారణంగానే మన ఇంట్లోని ఆయింట్‌మెంట్లు, ముఖ్యంగా నొప్పి తగ్గించే మందు కలిసినవి, దాని ఒంటికి తగలనివ్వకండి. పసుపు, కొబ్బరినూనె కూడా (మా అమ్మ రెండూ సిద్ధం చేసింది). చేతులకి లోషన్, శానిటైజర్ ఉంటే కడుక్కుని, కండిషనర్ వేసిన నీళ్లతో తడిపి పట్టుకోండి. ట్యాంక్‌ని అగరొత్తుల పొగకి దూరంగా జరపమని కూడా చెప్పారు.

ఇంటికొచ్చాక ట్యాంక్‌లో మట్టి, నాచు తీసేసి పేపర్ టవల్ పరిచాను. ఒక నీళ్లగిన్నె, ఒక ప్లాస్టిక్ మొక్క, అంతే. రోజూ మార్చడం. రోజుకోసారి గడ్డం మునగనంత లోతులో, చేతికి చల్లగానూ వేడిగానూ తెలియని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టడం. రోజు విడిచి రోజు బరువు. నగలు తూచే చిన్న మెషీన్ మీద డబ్బా పెట్టి, సున్నా చేసి, కప్పని అందులో వేసి చూడాలి. నీరసంగా ఉన్నప్పుడు కదలకుండా కూర్చునేది. కాస్త కోలుకున్నాక ఎగిరి కాఫీ కప్పులో పడితే, కప్పల తక్కెడ అన్నమాట ఎందుకొచ్చిందో మా పాపకి అర్థమైంది. 58 గ్రాములు ఉండేది 44కి దిగింది. డాక్టరు తినిపించాలని నిర్ణయించింది ఆ అంకె చూసి. నా కంగారు చూసి కాదు.

తినిపించడం ఆవిడే చూపించారు. మాంసాహార జంతువుల కోసం అమ్మే పొడి ఒకటి ఉంటుంది, నీళ్లలో పలచగా కలిపి, సన్నటి సిరంజికి మెత్తటి గొట్టం తగిలించి. మెత్తటి, గుండ్రటి అంచు ఉన్న పల్చని ప్లాస్టిక్ ముక్కని పెదవుల మధ్య పక్కనుంచి ఆనించి ఆగితే అదే తెరుస్తుంది, బలవంతం అక్కర్లేదు. ఎక్కువ రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ప్రమాదం కాబట్టి మొదట అతి కొద్దిగా. ఎంత అన్నది బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. మాకు మూడుసార్లతో సరిపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక తొమ్మిదో రోజు రాత్రి, లైట్లు ఆర్పాక, వెదురు పట్టకారుతో చిన్న వానపాము ముక్కని దాని ముందు ఆడించాను. కప్పకి కదలనిది తిండి కాదు, కదలాలి. తల కొంచెం వంచింది. చాలాసేపు ఏమీ లేదు, నా చెయ్యి నొప్పెట్టింది. తర్వాత టప్‌మని ఒక్క దూకు, పట్టకారు కూడా నోట్లోనే! రెండు కళ్లూ మూసుకుని లోపలికి దిగబడ్డాయి. మింగేటప్పుడు కళ్లతోనే తిండిని గొంతులోకి నెడుతుందట. మా అమ్మ వెనకనుంచి "మింగిందా?" అంది గుసగుసగా.

మీది తినడం మొదలుపెట్టాక చిన్నవి, మెత్తవి ఇవ్వండి. దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది వద్దు. వానపాముల్లో కంపోస్టులో వాడే ఎర్రవి చేదట, మాది ఉమ్మేసింది. చేపల ఎరకి అమ్మే నైట్‌క్రాలర్ ముక్కలు నయం. వాక్స్‌వర్మ్ అనే తెల్ల పురుగులు కొవ్వు మయం, ఆశ పెట్టడానికి ఒకటి రెండు, అంతే. కీచురాయిలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకని వేసేముందు ఒకరోజు దానికి క్యారెట్, గుమ్మడి ముక్క, కాలర్డ్ ఆకులు పెట్టండి. పాలకూర వద్దు, అందులో ఆక్సలేట్లు కాల్షియంని పట్టేస్తాయి. తర్వాత విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడిలో, కాకరకాయ ముక్కలకి శనగపిండి పట్టించినట్టు, కవర్లో వేసి ఊపండి. తినగా మిగిలినవి రాత్రంతా ట్యాంక్‌లో వదలకండి. జబ్బు కప్పని అవే కొరుకుతాయి. పూర్తిగా కోలుకున్నాక పెద్ద కప్పకి వారానికి రెండు మూడుసార్లు చాలు. ముద్దుకొద్దీ పెడితే కళ్ల మీద కొవ్వు మడతలు దిగుతాయి.

బాబుని కప్ప ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగమనండి, సాల్మొనెల్లా ఉంటుంది. గిన్నెలు వంటింటి సింక్‌లో తోమకండి.

బూరె జూన్‌కి 55 గ్రాములైంది. ఇప్పుడు మీరు చేయాల్సిందల్లా రేపు పొద్దున లేవగానే, హీటర్ పెంచకముందే, ట్యాంక్‌లో ఎంత ఉందో చూడటం. ఆ అంకె, పొట్ట కింది ఫోటో, నీళ్లకి ఏ కండిషనర్ వాడుతున్నారో ఇక్కడ రాయండి. ఈలోగా పొట్టమీద ఎరుపు కనిపిస్తే నా జవాబుకోసం చూడకుండా డాక్టరుకి ఫోన్ చేసేయండి.