ఇంగ్లండ్‌లో పుట్టిన పాకిస్తానీ ఆడపిల్లకు ఏ పేరు పెట్టాలి?

ఉర్దూవారికీ, ఇంగ్లిషువారికీ నోరు తిరిగే పేరు కావాలంటే సారా, జారా, మరియం, నూర్ హాయిగా సరిపోతాయి. ఖదీజా, గజాలా పేర్లలోని గొంతు ధ్వనులు ఇంగ్లిషులో లేవు. ‘ఖ’ అక్కడ ‘క’ అయిపోతుంది. అయినా నానమ్మ పేరు ఖదీజా అయితే నిస్సంకోచంగా అదే పెట్టండి, చెబితే బడిలో నేర్చుకుంటారు.

అసలు జాగ్రత్త అక్షరాల దగ్గర కావాలి. ఆయేషాను ఇంగ్లిషులో కొందరు ‘ఎ, ఐ, ఎస్’తోనూ, కొందరు ‘ఎ, వై, ఇ’తోనూ మొదలుపెడతారు. ఇంగ్లండ్‌లో 42 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. అప్పుడు రాయించిన అక్షరాలే పాకిస్తాన్ గుర్తింపు కార్డులోనూ ఉండేలా చూసుకోండి. చాలా పాకిస్తానీ కుటుంబాల్లో స్థిరమైన ఇంటిపేరు ఉండదు. తల్లికీ బిడ్డకీ చివరి పేరు వేరైతే, ప్రయాణాల్లో తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం వెంట ఉంచుకోండి.