మైమోనిడీస్‌పై రవాద్ ఆక్షేపణను ఎలా అర్థం చేసుకోవాలి?

దేవునికి శరీరం ఉందనేవాడిని మధ్యయుగ యూదు తత్వవేత్త మైమోనిడీస్ తన యూదు ధర్మశాస్త్రం ‘మిష్నే తోరా’లో (పశ్చాత్తాప విధులు 3:7) మతభ్రష్టుల్లో చేర్చారు. దక్షిణ ఫ్రాన్సు పండితుడు రవాద్ (మరణం 1198) దాన్ని ఆక్షేపించారు కాబట్టి ఆయనదీ సాకారవాదమేనా అన్నది ప్రశ్న.

అలా అనుకోనక్కర్లేదు. ఆయన అభ్యంతరమంతా ‘మతభ్రష్టుడు’ అన్న ముద్ర మీదే: లేఖన వాక్యాలను, అంతకన్నా ఎక్కువగా బుద్ధిని తికమకపెట్టే పురాగాథలను ఉన్నదున్నట్టు చదివి ఆ అభిప్రాయానికి వచ్చినవారిలో మైమోనిడీస్ కన్నా గొప్పవారే ఉన్నారని ఆయన వాదన. ‘తికమకపెట్టే’ అనడంలోనే అది పొరపాటన్న అంగీకారం ఉంది.

15వ శతాబ్దంలో యూదు తత్వవేత్త యోసెఫ్ అల్బో ఉటంకించిన ఈ ఆక్షేపణ పాఠంలోనైతే, అసలు విశ్వాసం మైమోనిడీస్ చెప్పినట్టే ఉందని రవాద్ సూటిగా ఒప్పుకుంటారు. ప్రచారంలో ఉన్న అచ్చుప్రతుల్లో ఆ మాట లేదు గనుక, దాన్ని నిర్ణాయక సాక్ష్యంగా కాక బలపరిచే ఆధారంగా మాత్రమే తీసుకోవడం మంచిది.