పత్తి ఆకు వేడి చూసి నీటి ఎద్దడి పట్టుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు: డ్రిప్ కింద పత్తికి నీళ్లు సరిగా అందుతున్నాయో లేదో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచేది) తెలుస్తుందా, కరోనా టైములో కొన్న నుదుటి థర్మామీటర్ సరిపోతుందా అని.

రెండోదానితో మొదలుపెడతా: సరిపోదు. అది సుమారు 32 నుంచి 43 డిగ్రీల మధ్యే చూపిస్తుంది, అదీ చర్మం వేడిని ఒంటి వేడిగా మార్చేసి. ఆకు 28 ఉంటే 'Lo' (తక్కువ) అని వస్తుంది. వస్తువుల వేడిని ఉన్నదున్నట్టు చూపే 'సర్ఫేస్' మోడ్ ఉంటే ప్రయత్నించొచ్చు. లేదంటే మెకానిక్‌లు వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్, 12:1 అని రాసి ఉన్నది (అంటే 12 సెంటీమీటర్ల దూరం నుంచి 1 సెంటీమీటరు వలయాన్ని చదివేది) కొనండి.

ఇక అసలు సంగతి. తెలుస్తుంది, కాకపోతే తెర మీది అంకెను బట్టి కాదు, తేడాను బట్టి. ఆకు రంధ్రాలు తెరుచుకుని నీరు ఆవిరవుతున్నంతసేపు ఆకు చల్లగా ఉంటుంది. వేరుకు నీరు అందకపోతే రంధ్రాలు మూసుకుని, ఆకు ఇంకా వాలకముందే వేడెక్కుతుంది. అమెరికాలో ఫీనిక్స్‌లోని ఇడ్సో, జాక్సన్ బృందం 1981లో దీన్ని ఒక సూచీగా తీర్చింది. ఎద్దడి లేని పత్తికి ఇడ్సో లెక్క: ఆకు వేడి − గాలి వేడి = 1.49 − 2.09 × ఆవిరి పీడన లోటు (గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే కొలత, కిలోపాస్కల్‌లలో).

గాలి 33 డిగ్రీలు, తేమ 40 శాతం ఉన్న రోజు ఆ లోటు 3 కిలోపాస్కల్‌లు; ఆకు గాలికంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా, అంటే 28 దగ్గర ఉండాలి. అదే 30 డిగ్రీలు, 80 శాతం తేమ అయితే తేడా సున్నాకు దగ్గర. మబ్బు కూడా తోడైతే నీళ్లున్న మొక్కకూ లేనిదానికీ మధ్య తేడా గన్ తప్పులోనే (±2 డిగ్రీలు) కలిసిపోతుంది. అందుకే వానాకాలం మధ్యలో, కోస్తా ఉక్కపోతలో దీని జోలికి పోకండి. వానలు వెనక్కి తగ్గాక పొడి ఎండ కాసే రోజుల్లో బాగా పనిచేస్తుంది.

నా మటుకు పొలంలో ఫార్ములా కంటే పోలిక మేలు. నాలుగైదు మొక్కలకు రెండు మూడు రోజులు అదనంగా నీళ్లివ్వండి, నిలవ ఉండేంత కాదు. మిగతావాటిని అదే గన్‌తో, అదే గంటలో వాటితో పోల్చండి. అప్పుడు గన్ ఎక్కువో తక్కువో చూపించినా రెండు వైపులా ఒకేలా తప్పుతుంది. 2 డిగ్రీల లోపు తేడాను వదిలేయండి, 3 దాటితే చూడండి.

కొలవాల్సింది మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య, నిండు ఎండలో. ముందు గన్‌ను పొలంలోనే నీడలో 20 నిమిషాలు ఉంచాలి. ఏసీ కారులోంచి తీసి వెంటనే నొక్కితే సెన్సర్ తప్పు చెబుతుంది. సూర్యుడు వెనక ఉండాలి, మీ నీడ ఆకు మీద పడకూడదు. కొన నుంచి మూడో నాలుగో ముదురాకును 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూడండి. 12:1 గన్ అక్కడ 5 సెంటీమీటర్ల వలయాన్ని చదువుతుంది, అరచేయంత ఆకులో అది ఇముడుతుంది. నిలబడి ఒకటిన్నర మీటరు నుంచి గురిపెడితే వలయం 12 సెంటీమీటర్లు దాటి, సాళ్ల మధ్య కాలిపోతున్న నేల కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కువమంది తప్పు ఇక్కడే. లేజర్ చుక్క గురి కోసమే, లెన్స్ దానికి కాస్త పక్కన ఉంటుంది, దగ్గరికి వెళ్లేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, గన్‌లో పెట్టేది) 0.95 చాలు. పది మొక్కలు చూసి మధ్య విలువ తీసుకోండి. పిచికారీ చేసిన తడి ఆకు మీద కొలిచి లాభం లేదు.

గాలి వేడికి ఈ గన్ పనికిరాదు. వేడి, తేమ రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్‌ను పైరు ఎత్తులో, గాలాడే నీడలో వేలాడదీయండి.

ఆకు వేడిగా ఉంటే నీళ్లు తక్కువని వెంటనే వాల్వ్ తిప్పకండి. వేరుకుళ్లు, ఎండు తెగులు, నీరు నిలవడం, ఇవన్నీ రంధ్రాలు మూయిస్తాయి. మొదలు దగ్గర జానెడు లోతు తవ్వి మట్టి పిసకండి. ఉండ కడితే కారణం నీళ్ల కొరత కాదు, మొక్క పీకి వేరు చూడండి. మట్టి పొడిగా ఉండి ఒక లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సాలు పైపు) మీది మొక్కలన్నీ వేడిగా ఉంటే ఫిల్టర్, ప్రెషర్ చూడాలి. చివరి మొక్కలే వేడెక్కితే ఎండ్ క్యాప్ (ఆ పైపు చివరి మూత) విప్పి ఫ్లష్ చేయండి, అక్కడక్కడా ఒక్కో మొక్కే అయితే ఆ డ్రిప్పర్ మూసుకుపోయి ఉంటుంది.