క్లాసులు మొదలవకముందే అనాటమీ చదివేయాలా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఈ ఏడు నీట్‌లో ర్యాంకు వచ్చి, కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటొచ్చింది. క్లాసులకి ఇంకా టైముంది. మా పెదనాన్నగారబ్బాయి ఫైనలియర్ చదువుతున్నాడు. ‘ఇప్పుడే మొదలెట్టకపోతే వెనకబడిపోతావు, వీడియో కోర్సు కొనుక్కో’ అంటున్నాడు. నాన్నగారు రాజమండ్రి వెళ్లి అనాటమీ పుస్తకాలు తెచ్చేశారు. తెరిస్తే మొదటి పేజీలోనే సగం మాటలు అర్థం కాలేదు. భయమేస్తోంది. ఏం చెయ్యమంటారు మేడమ్?

జవాబు: ఆ పుస్తకాలు బీరువాలో పెట్టెయ్యమ్మా. వాటి మీద పేరు రాయకు, బిల్లు పారెయ్యొద్దని నాన్నగారికి చెప్పు. మీ కాలేజీలో వేరే పుస్తకం చదవమన్నారనుకో, మార్చుకోవచ్చు. ఆయన నొచ్చుకుంటే తప్పు నా మీదకి నెట్టెయ్.

కాకినాడలో అనాటమీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. సెలవుల్లోనే చదివేసి వచ్చిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవారు. భుజం దగ్గరుండే క్లావికల్ ఎముక చేతికిచ్చి ‘కుడిదా, ఎడమదా?’ అంటే, దానికి అతుక్కునే కండరాలన్నీ గడగడా అప్పజెప్పేవారు. ఎముక మాత్రం తిరగేసి పట్టుకునేవారు! బొమ్మలో చూసి వచ్చే చదువు కాదది. లావుపాటి కొస రొమ్ము వైపుది, బల్లపరుపుది భుజం వైపుది. రొమ్ము వైపు నుంచి మూడింట రెండొంతులు ముందుకి ఉబ్బి ఉంటుంది. అడుగున వేలు పెట్టి రాస్తే చిన్న గాడి తగులుతుంది. ఎముక చేతిలో ఉంటే ఇదంతా పది నిమిషాల పని. లేకపోతే నెలంతా బట్టీ పట్టినా వారంలో ఎగిరిపోతుంది. పైగా ఒక కాలేజీలో చేతితో మొదలెడతారు, ఇంకోచోట కాలితో. నువ్వు చదివింది ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు?

అలాగని మీ అన్నయ్య మాట పూర్తిగా తీసెయ్యను. ఇంటర్ సెకండియర్ జువాలజీ పుస్తకం అటకెక్కించారేమో, దింపించు. గుండె, మూత్రపిండాలు, నాడులు, హార్మోన్లు... ఫస్టియర్‌లో ఫిజియాలజీ, అంటే ఒంట్లో ఏది ఎలా పనిచేస్తుందో చెప్పే సబ్జెక్టు, మొదలయ్యేది వాటి మీదే. ఎంట్రన్సు కోసం బిట్లుగా చదివుంటావు, ఇప్పుడు కథలా చదువు.

నీకు అసలు చిక్కు ఇంగ్లీషుతో వస్తుంది, అది నీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. థియరీ పరీక్షలో ఎలాగోలా రాసేస్తారు. వైవా ఉందే, అక్కడ నోరు తెరవాలి. జవాబు తెలిసుండీ ఎగ్జామినర్ ముందు గొంతు పెగలక కూర్చున్న కోనసీమ పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. అందుకని రోజూ ఒక్క పేజీ చదువు. రక్తం కుడి కర్ణికలోకి వచ్చిన దగ్గర్నుంచి ఊపిరితిత్తులకెళ్లి, తిరిగొచ్చి, బృహద్ధమనిలోకి వెళ్లేదాకా పుస్తకం మూసేసి ఇంగ్లీషులో పైకి చెప్పు. ఇంట్లో ఎవర్నైనా కూర్చోబెట్టుకో. వాళ్లకి అర్థం కాకపోయినా పర్లేదు, తప్పులొచ్చినా ఆగకు. ఎనాటమీ అంటావా అనాటమీ అంటావా అని మొదటి వారం ఎవరైనా నవ్వుతారు, నవ్వనీ.

చదువుతో సంబంధం లేనిది ఇంకోటుంది, ఎవరూ చెప్పరు. నీ టీకాల కార్డు వెతికించు. రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు హెపటైటిస్-బికి టీకా పూర్తిగా వేయించలేదంటే డాక్టరుగారిని అడిగి ఇప్పుడే మొదలెట్టు. రెండో డోసు నెలకి, మూడోది మొదటిదాన్నుంచి ఆరు నెలలకి. వరదొచ్చి కాజ్‌వే మునిగిందంటే మీ లంకలోంచి కదలడం కష్టం కాబట్టి ముందే వెళ్లొచ్చెయ్.

కొనాలంటే గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లు కొనుక్కో, హిస్టాలజీ (మైక్రోస్కోపులో కణజాలం చూసే పాఠం) రికార్డులో బొమ్మలకి అవే కావాలి. ఎముకల సెట్టు ఎవరు అమ్ముతామన్నా తీసుకోకు. కాలేజీలో చేరాక సీనియర్లనో డిపార్ట్‌మెంట్‌లోనో అడుగు. అటెండెన్సు థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం ఉండాలి, లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. క్లాసులు మొదలయ్యాక తీరిక దొరకదు, ఇప్పుడే కడుపునిండా నిద్రపో.

వీడియో కోర్సుకి ఇప్పుడు డబ్బు కట్టించకు. మొదటి ఇంటర్నల్స్ మార్కులు వచ్చాక ఏ సబ్జెక్టులో తడబడుతున్నావో నీకే తెలుస్తుంది. కావాలంటే దానికొక్కదానికే కట్టుకుందువుగాని.